రాతిగోడల ఇంట్లో వెనక గదికి నెట్ తీసుకెళ్ళడం ఎలా?

కడపలో మా ఇల్లు నాయన కాలం నాటి మిద్దె. రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు, మందం రెండడుగులకు తగ్గదు. పైన దూలాలు, వాటి మీద బండలు, ఆపైన చౌడుమన్ను. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. ఎండను ఆపిన ఆ గోడే వైఫైని కూడా ఆపుతుంది. వీధి వైపు పడసాలలో నెట్ బాక్స్ ఉంది. పెరడు దాటాక, తర్వాత వేసిన సిమెంటు గది ఉంది. రెండింటికీ మధ్య 18 మీటర్లే. అయినా ఆ గదిలో ఫోన్‌కు ఒక్క గీత నిలబడేది కాదు.

మా అమ్మాయి బెంగళూరు ఉద్యోగం ఇంటి నుంచి చేసుకుంటానని వచ్చి ఆ గదిలో టేబుల్ వేసుకుంది. మీటింగ్ మధ్యలో "నాయనా, మళ్ళీ పోయింది" అంటూ ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చి కూర్చునేది. అది చూడలేక ఒక్కొక్కటిగా ప్రయత్నించాను. ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు దండగో వరుసగా చెప్తాను. మన వైపు పాత ఇళ్ళన్నీ దాదాపు ఇలాంటివే కాబట్టి మీకూ పనికొస్తుంది. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. దూరపు గదికి నెట్‌ను గాలిలో పంపే ప్రయత్నం ఎంత తొందరగా మానుకుని వైరు లాగితే అంత మంచిది.

మొదటి పని: సిగ్నల్ ఎక్కడ చస్తోందో చూడండి

ఏమీ కొనకముందు ఒక అరగంట ఇల్లంతా తిరగండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ రకం యాప్ ఏదో ఒకటి ఉచితంగా దొరుకుతుంది. అది సిగ్నల్ బలాన్ని మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మైనస్ పక్కన అంకె చిన్నదైతే సిగ్నల్ గట్టిగా ఉన్నట్టు. బాక్స్ పక్కన నిలబడితే మైనస్ 30, 40 మధ్య కనిపిస్తుంది. మైనస్ 67 దాకా వీడియో కాల్ ఇబ్బంది లేకుండా సాగుతుంది. 75 దాటితే మాట తెగుతుంది. 85 దగ్గర వైఫై పేరు కనిపిస్తుంది గానీ పని జరగదు. అంకె 3 పెరిగిందంటే సిగ్నల్ శక్తి సగానికి పడినట్టు. మా ఇంట్లో పడసాల గోడకు ఇవతల మైనస్ 52 ఉంటే, అదే గోడకు అవతల, నాలుగడుగుల దూరంలో, 74 చూపించింది. అంటే కష్టమంతా దూరంతో కాదు, ఆ ఒక్క గోడతో.

బాక్స్ ఇచ్చే వైఫైలో సాధారణంగా రెండు రకాలుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ నిదానం, కానీ గోడలను కొంత దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ గోడ అడ్డొస్తే తొందరగా నీరసిస్తుంది. రెండింటినీ విడివిడిగా కొలిచి, ఒక కాగితం మీద ఇంటి నక్షా గీసి, ఏ గదిలో ఎంత వచ్చిందో రాసుకోండి. తర్వాత ప్రతి నిర్ణయానికీ ఆ కాగితమే ఆధారం.

ఇంకొకటి కూడా ఇప్పుడే చూసుకోవాలి. బాక్స్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడే వేగం లేకపోతే మీరు చూడాల్సింది వెనక గదిని కాదు. ముందు నెట్ ఇచ్చేవాళ్ళకు ఫోన్ చేయండి.

రెండో పని: పైసా ఖర్చు లేకుండా బాక్స్ జరపండి

చాలా ఇళ్ళలో వైరు ఎక్కడ లోపలికొచ్చిందో అక్కడే, టీవీ వెనకో అల్మారాలోనో బాక్స్ పెట్టేసి వెళ్ళిపోతారు. దాన్ని అక్కడి నుంచి తీసి తల ఎత్తులో, గోడకు ఆనకుండా, వీలైతే తలుపు గానీ కిటికీ గానీ ఎదురుగా ఉండేలా పెట్టండి. సిగ్నల్ రాయిని దాటలేకపోయినా తలుపు సందులోంచి, కిటికీలోంచి బాగానే వెళ్తుంది. ఇనుప బీరువా, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు దాని దారిలో ఉండకూడదు. ఈ ఒక్క మార్పుతో మా వంటింట్లో మైనస్ 78 ఉన్నది 66కు వచ్చింది. వెనక గదికి మాత్రం చాలలేదు.

ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. బాక్స్‌నే ఇంటి నడిమధ్యకు మార్పించుకోవచ్చు. ఫైబర్ వైరులో వెళ్ళేది వెలుగు. అది కిలోమీటర్ల కొద్దీ వెళ్ళినా పెద్దగా తగ్గదు, కాబట్టి ఇంకో 20 మీటర్లు పొడిగించినా వేగంలో తేడా ఉండదు. కానీ ఈ పని మీరు చేయకండి, నెట్ అబ్బాయిని పిలిపించండి. ఫైబర్‌ను ముడివేసినా, మూల దగ్గర గట్టిగా మడిచినా లోపలి వెలుగు బయటికి పోయి, బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఊడదీసిన ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి చూడకూడదు. ఆ వెలుగు కంటికి కనపడదు గానీ హాని చేయగలదు.

రిపీటర్ గురించి

బాక్స్ జరిపాక నేనూ అందరిలాగే ప్లగ్‌లో గుచ్చే రిపీటర్ కొన్నాను. షాపులో చెప్పినట్టే వెనక గదిలో పెట్టాను. గీతలన్నీ నిండుగా కనిపించాయి, నెట్ మాత్రం అంతే. కారణం తర్వాత అర్థమైంది. రిపీటర్ తనకు అందిన దాన్నే మళ్ళీ పలుకుతుంది. సిగ్నల్ చచ్చిన చోట పెడితే ఆ చచ్చిన సిగ్నల్‌నే గట్టిగా పంచుతుంది. దాన్ని పెట్టాల్సింది సగం దారిలో, మైనస్ 65 లోపు అందే చోట. అక్కడ పెట్టినా, చవక రకాలు ఒకే రేడియోతో వింటూ అదే రేడియోతో పంపుతాయి కాబట్టి వేగం దాదాపు సగమైపోతుంది. పాటలు వినడానికి, మెసేజ్‌లకు సరిపోతుంది. ఉద్యోగానికీ ఆన్‌లైన్ క్లాసుకూ నమ్ముకోవద్దు.

మెష్ పేరుతో రెండు మూడు డబ్బాల సెట్లు వస్తాయి. మంచివే, కానీ వాటి మధ్య కూడా రాతిగోడే ఉంటే వాటికీ అదే కష్టం. వాటిని వైరుతో కలిపితేనే అసలు పనితనం కనిపిస్తుంది. కరెంటు వైర్ల మీదుగా నెట్ పంపే ప్లగ్‌లూ ఉన్నాయి. మూడు ఫేజుల కనెక్షన్ ఉండి వెనక గది వేరే ఫేజు మీద ఉంటే, లేదా మధ్యలో ఇన్వర్టర్ ఉంటే, అవి సరిగా పనిచేయవు. పాత వైరింగ్ ఉన్న ఇంట్లో వాటి మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

మూడో పని: వైరు లాగడం

అసలు పని ఇదే. ఒక్కరోజు ఓపిక పడితే ఏళ్ళ తరబడి చింత ఉండదు.

వైరు ఎంపికలో జాగ్రత్త పడండి. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ తీసుకోండి. రెండూ 100 మీటర్ల దాకా సెకనుకు 1 గిగాబిట్ మోస్తాయి, ఇంటికి అంతకు మించి అక్కర్లేదు. కానీ పూర్తి రాగి వైరే అడగండి. నేను ఊళ్ళో ఏడు రోడ్ల కూడలి వైపు వెళ్ళి ఒక షాపులో చవగ్గా వచ్చిందని ఒక చుట్ట తెచ్చాను. నాలుగైదు నెలలు బాగానే నడిచి, తర్వాత నెట్ రోజుకు పదిసార్లు పోయి రావడం మొదలైంది. విప్పి చూస్తే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. కొనేటప్పుడే చివర కొంచెం తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం, వద్దనండి. రాగి చుట్ట చేత్తో ఎత్తితే బరువుగా కూడా ఉంటుంది.

దారి ఎంచుకునే ముందు ఇల్లు మరోసారి చూడండి. మట్టి, రాయి కలిసిన గోడకు డ్రిల్లింగ్ మెషిన్ పెడితే పెచ్చులూడి గోడ వదులవుతుంది. పైగా రెండడుగుల మందానికి మామూలు బిట్ సరిపోదు. పాత మిద్దెల్లో గవాచి (వెలుతురు కోసం వదిలిన రంధ్రం) ఉంటుంది, కిటికీ చట్రం పక్కన సందు ఉంటుంది, తలుపు పైన గాలి రంధ్రం ఉంటుంది. ముందు అవి వెతకండి. మేము కిటికీ కొయ్య చట్రానికి ఒక మూల బెజ్జం వేసి పని ముగించాం, గోడను తాకలేదు. గవాచిలోంచి తీస్తే మాత్రం వాన నీరు వైరు వెంట లోపలికి కారకుండా, లోపలికొచ్చే ముందు వైరును కిందికి ఒక వంపు వేసి పైకి తీసుకెళ్ళండి. నీళ్ళు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి.

కొత్త గది సిమెంటుదైతే గోడలో కరెంటు పైపులుంటాయి. అందులోనే నెట్ వైరు కూడా దూరుద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఎప్పుడైనా కరెంటు వైరు పైతొడుగు చిరిగితే 230 వోల్టులు నేరుగా బాక్స్‌కు, అక్కడి నుంచి మీ చేతికి వస్తాయి. నెట్‌కు విడిగా పైపు వేయండి. కరెంటు పైపుకు ఒక అడుగు ఎడంగా నడిపించండి. దాన్ని దాటాల్సి వస్తే అడ్డంగా, నిలువు గీతను అడ్డగీత కోసినట్టు దాటించండి, పక్కపక్కనే పొడుగునా తీసుకెళ్ళకండి.

పెరటిలో ఎండకు మామూలు వైరు నిలవదు. మన కడప ఎండకు పైతొడుగు ఒకటి రెండు వేసవుల్లోనే బీటలు వారుతుంది. బయట వాడటానికే తయారైన నల్ల తొడుగు వైరు కొనండి, లేదా పైపులో పెట్టండి. చీనీ (బత్తాయి) తోటలున్నవాళ్ళకు ఒక ఉపాయం చెప్తాను. డ్రిప్ కోసం తెచ్చిన 16 మిల్లీమీటర్ల నల్ల పైపు, నీటి బొట్టు రంధ్రాలు లేనిది, ఇంట్లో మిగిలి ఉంటుంది. ఎండలో ఏళ్ళ తరబడి ఉండటానికే దాన్ని చేస్తారు. అందులో ఒక నెట్ వైరు చక్కగా పడుతుంది. ప్లగ్ బిగించాక దూరడం కష్టం కాబట్టి ముందు వైరు లాగి, తర్వాత ప్లగ్ వేయాలి. పైపును నేల మీద తిన్నగా పరిచి, గట్టి ఇనుప బైండింగ్ తీగను ఒక వైపు నుంచి తోసి, అవతల వచ్చాక దానికి నెట్ వైరు కట్టి టేపు చుట్టి మెల్లగా వెనక్కి లాగండి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఇటు నుంచి అందించాలి. గుంజితే లోపల మెలితిప్పిన తీగల జతలు సాగిపోయి వేగం తగ్గుతుంది. పైపు ఉంటే ఎలుకలూ కోతులూ కొరికే భయం కూడా తగ్గుతుంది.

రెండు వైపులా రెండేసి మీటర్లు అదనంగా వదలండి. రేపు టేబుల్ జరిపితే పనికొస్తుంది.

ప్లగ్ వేయడం

షాపులో కొలత చెప్పి ప్లగ్ వేయించుకోవచ్చు, కానీ సన్న పైపులో దూర్చాలంటే ఇంట్లోనే వేయాలి. క్రింపింగ్ కత్తెర, ఆర్‌జే45 ప్లగ్‌లు, నెట్ వైరును పరీక్షించే చిన్న టెస్టర్ కావాలి. ప్లగ్ కొక్కెం కిందికి, వైరు దూరే రంధ్రం మీ వైపు ఉండి, రాగి పళ్ళు అవతలి కొనలో పైన కనిపించేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి రంగుల వరుస ఇది: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. రెండు చివరలా ఇదే వరుస. మూడో తీగకు జోడీ నాలుగోది కాదు, ఆరోది. అక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. తీగల జతల మెలికలను ప్లగ్ దాకా ఉంచి, అవసరమైనంత మేరకే విప్పండి. పైతొడుగు కూడా ప్లగ్ లోపలికి వెళ్ళి నొక్కు కింద పడాలి, లేకపోతే కొన్నాళ్ళకు తీగలు ఊడొస్తాయి.

టెస్టర్ పెడితే రెండు వైపులా 1 నుంచి 8 దాకా లైట్లు వరుసగా వెలగాలి. ఒక్కటి వెలగకపోయినా ప్లగ్ కోసేసి మళ్ళీ వేయండి. ఏడు వెలిగాయి, నడుస్తోంది కదా అని వదిలేస్తే వేగం 100 మెగాబిట్లకు పడిపోతుంది. ఎనిమిది తీగలూ ఉంటేనే గిగాబిట్.

నాలుగో పని: పాత రౌటర్‌ను వెనక గదిలో కూర్చోబెట్టడం

వైరును నేరుగా ల్యాప్‌టాప్‌కు పెడితే పని అయిపోయినట్టే. ఫోన్లకు కూడా కావాలంటే వెనక గదిలో ఒక రౌటర్ ఉండాలి. కొత్తది కొనక్కర్లేదు, నెట్ కంపెనీ మారినప్పుడు అటక మీద పడేసిన రౌటర్ చాలు. కొత్త మోడళ్ళు చాలావాటిలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది పెడితే మిగతాదంతా అదే చూసుకుంటుంది. లేకపోతే ఇలా చేయండి.

పిన్నీసుతో రీసెట్ రంధ్రాన్ని పది సెకన్లు నొక్కి పట్టండి. ల్యాప్‌టాప్‌ను ఆ రౌటర్‌కే కలిపి, దాని అడుగున రాసి ఉన్న అడ్రసు, ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1, బ్రౌజర్‌లో కొట్టండి. అప్పుడే మెయిన్ బాక్స్, అంటే పడసాలలో ఉన్న బాక్స్, అడ్రసు కూడా తెలిసి ఉండాలి. ఫోన్‌లో వైఫై వివరాల్లో గేట్‌వే అని ఉన్నదే అది. మెయిన్ బాక్స్ 192.168.1.1 అనుకుంటే పాత రౌటర్‌కు ల్యాన్ ఐపీ, అంటే ఇంటి నెట్‌లో దాని నంబరు, 192.168.1.250 ఇవ్వండి. మెయిన్ బాక్స్ ఫోన్లకు పంచే నంబర్ల వరుసలో 250 పడకూడదు. పడుతుంటే మెయిన్ బాక్స్‌లో ఆ వరుసను 200 దగ్గర ఆపేయండి. లేకపోతే ఏదో ఒకరోజు ఒక ఫోన్‌కూ రౌటర్‌కూ ఒకే నంబరు వచ్చి రెండూ తగాదా పడతాయి.

తర్వాత కొత్త అడ్రసుతో మళ్ళీ లోపలికి వెళ్ళి వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. అన్నీ అయ్యాక చివరగా డీహెచ్‌సీపీని, అంటే ఫోన్లకు నంబర్లు పంచే పనిని, ఆ రౌటర్‌లో ఆపేయండి. ముందే ఆపితే ల్యాప్‌టాప్‌కు నంబరు దొరక్క, రౌటర్ పేజీ తెరుచుకోక టెన్షన్ పడతారు. ఇంట్లో నంబర్లు పంచే పెద్ద ఒక్కరే ఉండాలి, అది మెయిన్ బాక్స్. ఇప్పుడు పెరటి నుంచి వచ్చిన వైరును పాత రౌటర్ వెనక వేరే రంగులో ఉండే వ్యాన్ రంధ్రంలో కాకుండా, ల్యాన్ రంధ్రాల్లో ఒకదాంట్లో పెట్టండి.

2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఛానెళ్ళనే వేర్వేరు దారుల్లో నడుస్తుంది. వాటిలో 1, 6, 11 ఒకదానికొకటి అడ్డుపడవు. మెయిన్ బాక్స్ 1లో ఉంటే వెనక రౌటర్‌ను 6లోనో 11లోనో పెట్టండి. పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే పెడితే ఫోన్ తనంతట తాను మారుతుందని అంటారు. చాలా ఫోన్లు మారతాయి. కొన్ని మాత్రం పడసాల సిగ్నల్‌ను మైనస్ 80 దాకా పట్టుకుని వేలాడతాయి. ఆ గదిలో ఒకరే కదలకుండా కూర్చుని పనిచేసేటట్టయితే వేరే పేరు పెట్టడమే మేలు. మా ఇంట్లో అలాగే పెట్టాం.

పిడుగుల కాలం

ఇది మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. రెండు కట్టడాల మధ్య ఆరుబయట రాగి వైరు ఉంటే, దగ్గర్లో పిడుగు పడ్డా ఆ వైరులో ఒక్క క్షణం పెద్ద కరెంటు పుడుతుంది. ఒక మే నెల సాయంత్రం వానకు ముందు ఉరిమింది. లైట్లన్నీ బాగానే ఉన్నాయి గానీ, మెయిన్ బాక్స్‌లో ఒక ల్యాన్ రంధ్రం, వెనక రౌటర్ మొత్తం పోయాయి. అప్పటి నుంచి ఆకాశం నల్లబడగానే వైరు రెండు వైపులా ఊడదీస్తున్నాం.

ఊడదీయడం గుర్తుండదనుకునేవాళ్ళకు, మధ్యలో పెరడు పెద్దగా ఉన్నవాళ్ళకు ఫైబర్ మంచిది. రెండు చివరలా మీడియా కన్వర్టర్ అనే చిన్న డబ్బాలు పెట్టి, మధ్యలో లోహం లేని ఫైబర్ వేస్తే పిడుగు కరెంటు దాని మీదుగా పాకదు. రెండు కట్టడాల ఎర్తింగ్ తేడా వల్ల వచ్చే గొడవ కూడా ఉండదు. ఖర్చు కొంచెం ఎక్కువ. మళ్ళీ కడితే నేనైతే అదే వేస్తాను.

ఊరి బయట తోటలో మోటారు షెడ్డు దగ్గర కెమెరాకు నెట్ కావాలంటే లెక్క వేరు. 100 మీటర్లు దాటితే మామూలు నెట్ వైరు పనికిరాదు. ఒకదాన్నొకటి నేరుగా చూసుకునేలా బిగించే జంట రేడియోలు దొరుకుతాయి. ఇంటి మిద్దె మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి. మధ్యలో వేపచెట్టు, చింతచెట్టు అడ్డం రాకూడదు. ఆకులు తడిసినప్పుడు సిగ్నల్ ఇంకా తగ్గుతుంది.

కరెంటు పోయినప్పుడు

ఎండాకాలం కోతల్లో రెండు డబ్బాలూ బతికి ఉండాలి. మెయిన్ బాక్స్ ఇన్వర్టర్ మీద ఉండి వెనక రౌటర్ లేకపోతే గది మూగబోతుంది. వెనకది ఉండి మెయిన్ లేకపోతే వైఫై పేరు కనిపిస్తూ నెట్ రాక గందరగోళమవుతుంది. వెనక గదికి ఇన్వర్టర్ లైను లేకపోతే రౌటర్ కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద 9 వోల్టులో 12 వోల్టులో చూసుకోండి. 12 వోల్టులది 9 వోల్టుల రౌటర్‌కు పెడితే అది కాలిపోవచ్చు.

అంతా అయ్యాక వెనక గదిలో కూర్చుని, రాత్రి ఎనిమిదికి ఊరంతా నెట్ వాడే వేళ, ఒక గంట వీడియో కాల్ చేసి చూడండి. స్పీడ్ టెస్ట్ పడసాలలో ఎంత వస్తే ఇక్కడా దాదాపు అంతే రావాలి. సగం కన్నా తక్కువ వస్తే ముందు ప్లగ్‌లు అనుమానించండి, తర్వాత రౌటర్ ఛానెల్, ఆ తర్వాతే వైరు. పాత రౌటర్‌కు 100 మెగాబిట్ల రంధ్రాలే ఉంటే ప్లాన్ ఎంత పెద్దదైనా 95 లోపే చూపిస్తుంది. అది లోపం కాదు, మీటింగ్‌కు అంత వేగం చాలా ఎక్కువ. మా అమ్మాయి ఇప్పుడు ఆ గది తలుపు వేసుకుని పనిచేసుకుంటోంది. వంటింటి గడప దగ్గరికి అన్నం వేళకే వస్తోంది.